కట్ట మైసమ్మ: చెరువు ధర్మము

నల్లగొండ, పాలమూరు సీమలలో ఏ పాత చెరువు కట్ట నెక్కి నడచినను, తూము చెంతనో, కట్ట నడుమ వేపచెట్టు నీడనో ఒక చిన్న రాయి కానవచ్చును. ఆ రాతికి శిల్పి చెక్కిన రూపము లేదు. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, వేపమండలు ముందుంచియుందురు. కొన్నిచోట్ల తలదాచుకొనుటకు చిన్న గూడు కలదు; పెక్కుచోట్ల అదియును లేదు. ఆమెయే కట్ట మైసమ్మ. గోపురములు లేని దేవత. ఉత్సవవిగ్రహము లేని దేవత. ఐనను కట్ట మీదుగ పోవు రైతు ఆమె యెదుట చెప్పులు విడిచి చేతులు జోడింపక సాగిపోడు.

చదువుకొన్నవారు పలువురు ఈ రాతిని చూచి చిఱునవ్వుతో దాటిపోవుదురు. వేదపురాణములందు కానరాని ఈ గ్రామదేవతకును మన నిత్యకర్మలకును సంబంధ మేమని వారి తలంపు. మా యభిప్రాయము వేఱు. మనము ఇంట చేయు జలపూజకును, కట్టమీద జరుగు మైసమ్మ పూజకును మూలార్థ మొక్కటియే. ఆ యర్థమును మఱచుటవలననే మన చెరువులకు నేటి దురవస్థ పట్టినది.

మన యనుష్ఠానమున జలమునకున్న స్థానమును మొదట చూతము. ఆచమనము లేక కర్మ లేదు. కలశమున నీరు పోసి వరుణు నావాహనము చేయక శుభకార్యము మొదలు కాదు. స్నానవేళ చెంబెడు నీటిలోనికి సప్తనదులను పిలుచు శ్లోకము నెఱుగని గృహస్థు అరుదు. ఇక యజుర్వేదులు సాయంసంధ్యయందు చేయు ఉపస్థానము వరుణునికే. ఆ వేళ వారు వరుణుని కోరున దేమి? వాన మాత్రమే కాదు. మనుష్యులమగుటచే తెలియక నీ ధర్మమును దినదినము అతిక్రమించితిమి, క్షమింపుమని వేడుకొందురు. వరుణుడు నీటికి మాత్రమే దేవుడు కాడు, కట్టుబాటునకు దేవుడు. అతని చేతి పాశము కట్టుబాటు తప్పినవానికొఱకే. నీరును ధర్మమును ఒకే దేవత చేతిలో పెట్టిన మన పూర్వుల వివేకము గమనింపదగినది.

కాని ఒక విశేష మున్నది. ఆ శ్లోకమునందు గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి గలవు. మన సీమను ఒరసికొని పాఱు కృష్ణ మాత్రము లేదు. కృష్ణ తంగిడి యొద్ద తెలంగాణమును ప్రవేశించి, బీచుపల్లి, సోమశిలల మీదుగ సాగి, నాగార్జునసాగరము దాటి, వాడపల్లి యొద్ద మూసీని కలుపుకొని మట్టపల్లి వైపు పోవును. 2016 ఆగస్టు 12 నుండి 23 వఱకు జరిగిన పుష్కరములలో ఈ రేవులన్నిట జనము కిక్కిఱిసిరి. ఐనను పుష్కరము పండ్రెండేండ్ల కొకమాఱు, దాహము దినదినము. నది పల్లమున పాఱును, మన పొలము మెట్టన నున్నది. ఎత్తిపోతలు లేని శతాబ్దములందు ఈ మెట్టభూముల రైతునకు కృష్ణ తీర్థయాత్రకే గాని తడికి అందినది కాదు. అందువలన అతడు జలదేవతను నదిలో వెదకలేదు. తన యూరి కట్టమీద నిలుపుకొనెను.

ఇది సహజమే. ఇచ్చట ఏటి వాన సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్లు. అదియు కొలది దినములలో కురిసి పోవును. అడుగున గట్టి గ్రానైటు శిల. పడిన నీటిని పట్టి నిలిపినవానికే పంట. కావుననే వాగు వెంబడి ఒకదాని మత్తడి నీరు మఱియొకదానికి చేరునట్లు గొలుసు చెరువులను కట్టిరి. పానుగల్లునుండి ఏలిన కందూరు చోడుల నాటి ఉదయసముద్రము నేటికిని నల్లగొండ పట్టణపు అంచున నిలిచియున్నది. సాగరమునుండి ఎత్తిపోసిన కృష్ణజలమే నేడు దానిని చేరుచున్నది. సప్తసంతానములలో పుత్రునితోపాటు చెరువును ఎన్నుట మన సంప్రదాయము. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము, 1369 నాటిది, చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, తగని ఆరు దోషములను వరుసగ చెప్పినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతియు అందు కలదు. చెరువు కట్టుట పుణ్యమని చెప్పి ఊరకుండక, ఎట్లు కట్టవలెనో కూడ రాతిమీద చెక్కించిన జాతి మనది.

ఇట్టి కట్టకు కాపరి మైసమ్మ. చెరువు నిండి మత్తడి దుమికిన నాడు ఊరంతయు కట్టమీదనే యుండును. ఆడువారు బోనములు తెత్తురు, డప్పులు మ్రోగును, మ్రొక్కు తీర్చువారు మేకనో కోడినో సమర్పింతురు. తూము తీయు నీరడి ముందుగ ఆమెకు మ్రొక్కి గాని ఆయకట్టునకు నీరు విడువడు. చేపలు పట్టువారు గంగమ్మ పేర తమ పూజ చేయుదురు. వాన వెనుదీసినయేడు పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టి, కప్పతల్లి యని ఇంటింట నీళ్లు పోయించుకొందురు. బాలింత పురుడు తీరినపిదప బావికి పసుపు కుంకుమ లిచ్చి చేద వేసిననే గాని ఇంటిపనులలో చేరదు. తొమ్మిది దినములు పేర్చిన బతుకమ్మ తుదకు చేరునది చెరువునే. పుట్టుకనుండి పండుగవఱకు ఈ సీమ స్త్రీల యాచారములలో నీరు లేనిది లేదు.

ఈ దేవతను గూర్చి పలు చెరువులయొద్ద ఒకే విధమైన కథ చెప్పుదురు. కట్ట ఎన్నిమాఱులు వేసినను తెగిపోవుచుండెనట. తుదకు ఊరిపెద్ద ఇంటి కోడలు కట్టకు బలియైనదట. ఆమెయే దేవతయై కట్టను కాచుచున్నదట. కథ నిజమో కాదో విచారించుట మా పని కాదు. దాని భావము మాత్రము స్పష్టము. ఈ కట్ట ఒకరి ప్రాణము ఖరీదుగా నిలిచినది. దీనిని త్రవ్వినవాడు, దీని నీటిని దొంగిలినవాడు ఆ త్యాగమునకు ద్రోహి. శాసనము చదువలేని వానికి కథయే శాసనము.

మైసమ్మ భయము ఊరక మ్రొక్కించు భయము కాదు. ఆ భయముతోనే కట్టమీద చెట్టు నఱకరాదని, తూముకడ దొంగతనముగ నీరు మళ్లింపరాదని, ఎండకాలమున పూడిక తీయుటకు ఇంటికొకరు రావలెనని ఊరు నడచినది. పూజయు పనియు ఒక్కటిగ నుండెను. పూజారి యెంతయో నీరడియు అంతయే. పంటలో నీరడికి భాగ ముండెను. సంధ్యలో వరుణుని క్షమాపణ వేడు బ్రాహ్మణుడును, తూముకడ మైసమ్మకు మ్రొక్కు నీరడియు చెప్పిన దొక్కటియే: నీరు నాది కాదు, నాకు అప్పగింపబడినది.

నేడు పూజ మిగిలినది, పని పోయినది. బోరుబావి వచ్చినపిదప ఎవని నీరు వాని పొలములోనే పుట్టినట్లు భ్రమ కలిగెను. చెరువు అందఱిది గావున ఎవరిదియు కాకపోయెను. నీరు తెచ్చు కాలువలు పొలములలో కలిసిపోయెను. చెరువు శిఖము పట్టాలుగా, తోటలుగా, పట్టణముల చెంత ఇండ్ల స్థలములుగా మాఱెను. ఆ శిఖమును ఆక్రమించిన చేతులే బోనాలనాడు మైసమ్మ గూటికి సున్నము వేయించుట మనము చూచుచున్నదే. ఇంతకంటె పరిహాసము కలదా?

దీని ఫలము నల్లగొండ బిడ్డల ఎముకలలో కానవచ్చినది. ఇచ్చటి శిలలలో ఫ్లోరైడు కలదు. ఇది క్రొత్త సంగతి కాదు. కాని వాననీరు చెరువునుండి భూమిలోనికి ఇంకుట తగ్గి, బోర్లు నానాటికి లోతునకు పోయిన కొలది ఆ విషము త్రాగునీటిలో మిక్కుటమయ్యెను. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటరాదని నిర్ణయమైన చోట దానికి పెక్కురెట్లున్న నీటిని జనము త్రాగిరి. మునుగోడు, మర్రిగూడ ప్రాంతములలో పండ్లు గారకట్టి, కాళ్లు వంకరపోయి, నడుము నిలువలేని వారిని తెలుగుదేశమంతయు చూచినది. పటికయు సున్నమును కలిపి ఆ నీటిని తేర్చు పద్ధతికి 1970ల దశకమున నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లాకు ఇట్టి కీర్తి రావలసినది కాదు. 2016 ఆగస్టు 7న ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణజలము గొట్టములలో ఊళ్లకు చేరుట గొప్ప యూరట. ఐనను త్రాగుటకు గొట్టము చాలును. పంటకును పశువునకును భూగర్భజలమునకును చెరువే దిక్కు.

2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయ రాష్ట్రమున నలుబదియాఱువేలకు పైగా చెరువులను లెక్కించి, పూడిక తీయించుటకు పూనుకొన్నది. ఆ పూడికమట్టిని రైతులు బండ్లమీదను ట్రాక్టర్లమీదను తమ పొలములకు తరలించుకొనిరి. అది మైసమ్మ ప్రసాదమే. కాని ప్రభుత్వము పూడిక నొకమాఱు తీయగలదు. ఏటేట కట్టను చూచుకొనుట ఊరి పని. వనపర్తి సీమలోని సరళాసాగరమును చూడుడు. తనంతట తాను తెఱచుకొను సైఫనులతో 1959లో పూర్తియై, వనపర్తి రాజమాత పేరు దాల్చిన ఆ జలాశయము ఎన్నో యేండ్లకు నిండిన సంతోషము తీఱకమునుపే, 2019 డిసెంబరు 31న కట్టకు గండిపడి ఖాళీ యయ్యెను. కట్టకు నిత్యము కావలసినది కన్ను. మైసమ్మ రాయి ఆ కన్నునకు గుర్తు మాత్రమే, చూడవలసినవారము మనము.

మూఢనమ్మకమని ఈ పూజను త్రోసివేయువారికి మా మనవి యేమన, నమ్మకమును తీసివేసినచోట మీరు నిలిపిన కట్టుబాటు ఏది? మ్రొక్కి ఊరకుండు భక్తులకును అదియే మనవి: మీ భక్తి తూముదాక వచ్చుచున్నదా?

భూస్వాములు ఈ యేడు బోనము సాగించుటకు ముందు తమ హద్దులలో కప్పివేసిన వరదకాలువను త్రవ్వించవలెను; శిఖములో కలుపుకొన్న మూర నేలను విడువవలెను. పట్టణవాసులు తమ మురుగును చెరువులోనికి విడిచి, అందులోనే బతుకమ్మను సాగనంపు దోషమును మానవలెను. ఊరి యువకులు తొలకరికి ముందు ఒక్క దినము కట్టమీది కంపను కొట్టి, ఎలుక బొరియలను పూడ్చవలెను. అప్పుడు పెట్టు పసుపుబొట్టునకు అర్థ ముండును. చేయి జోడించిన చోటనే పారయు పట్టుదుము గాక. మత్తడి దుమికిన నాడు మైసమ్మ ముఖమును సిగ్గుపడక చూచుదుము గాక.