మీకు తెలుసా? హబ్సిగూడ పేరున సగము అరబ్బీ!

హైదరాబాదున ఉప్పలునకో నాచారమునకో పోవు జనులు నిత్యము ఉచ్చరించు 'హబ్సిగూడ' యను నామమున సగము అరబ్బీ, సగము తెలుఁగు. అబిసీనియాకు, అనఁగా నేఁటి ఇథియోపియాకు, అరబ్బు లిడిన పేరు 'హబష్'. ఆ దేశీయుఁడు హబ్షీ. 'గూడ' యన మన తెలుఁగున చిన్నపల్లె. నిజాముల కొలువున నుండిన ఆఫ్రికా సంతతివారి స్మృతి యీ పేరున నిలిచినదని పెద్దలందురు. మాసబ్ ట్యాంకు చెంతనున్న ఏ.సి. గార్డ్స్ పేట పేరును వారి ఆశ్వికదళమును (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) బట్టి వచ్చినదే.

అరబ్బుల పల్లెనే చూడఁగోరువారు నగరమునకు దక్షిణమున, చాంద్రాయణగుట్ట చేరువనున్న బార్కాసునకుఁ బోవలెను. యెమెన్ దేశపు హద్రమౌత్ సీమనుండి సముద్రము దాటివచ్చి నిజాము సైన్యమునఁ జేరిన యోధుల సంతతివారు అచట నేఁటికిని గలరు. వారి నివాసములకు గల 'బ్యారక్స్' అను ఆంగ్ల నామము జనుల నోట నలిగి బార్కాసైనది. 1948లో నిజాము రాజ్యము భారతదేశమునఁ గలిసి, ఆ సైన్యము రద్దు కాఁగా, కొందఱు పితృభూమికి మరలిరి. తక్కినవా రిచ్చటనే నిలిచి క్రమముగా హైదరాబాదీ లైరి. గోధుమలు, మాంసము కలిపి మెత్తగా నుడికించు 'హరీస్' వారి ప్రాతఃకాలపు ఫలహారము. నగరమంతయు నొక మాసము వెఱ్ఱియెత్తి తిను హలీమునకు ఇది మూల మన్నచోఁ గొందఱు నమ్మరు!

కత్తులు పట్టినవారి పేటకుఁ గడపట ఖ్యాతి తెచ్చినవి జామతోటలు. ఇండ్లు పెరిగి తోటలు తఱిగినను, బజారున మంచి జామపండునకు 'బార్కాసు జామ' యను పేరు నేఁటికిని గలదు.