కరెంట్ పెడితే కండరానికి స్టామినా వస్తుందా? ఈఎంఎస్ గురించి అసలు విషయం

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి ఫిజియోథెరపీలో తొడ మీద ప్యాడ్‌లు అంటించి, చిన్న మెషిన్ ఆన్ చేయడం చూసే ఉంటారు. తొడ దానంతట అదే బిగుసుకుంటుంది, వదులవుతుంది. అదే ఈఎంఎస్.

మామూలుగా కండరం కదలాలంటే మెదడు నుంచి నరం ద్వారా సిగ్నల్ రావాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు వల్ల ఆ సిగ్నల్ సరిగా అందదు. వాడని కండరం కొద్ది రోజుల్లోనే సన్నబడిపోతుంది. అందుకే ఆ సిగ్నల్‌ని చర్మం పైనుంచి మెషిన్ ఇస్తుంది.

సరే, మరి స్టామినా సంగతేంటి? మన కండరాల్లో ముఖ్యంగా రెండు రకాల పోగులు ఉంటాయి. ఒకటి వేగంగా పనిచేసి త్వరగా అలసిపోయేది. రెండోది నిదానంగా పనిచేసినా చాలాసేపు నిలబడేది. 1969లో సాల్మన్స్, వ్ర్బోవా అనే సైంటిస్టులు ఒక విషయం చూపించారు. జంతువుల్లో వేగంగా పనిచేసే కండరాలకి సెకనుకు 10 పల్స్‌ల చొప్పున వారాల తరబడి కరెంట్ ఇస్తే, అవి నిదానపు కండరాల్లా మారడం మొదలుపెట్టాయి. అంటే కండరం తనకి వచ్చే సిగ్నల్‌ని బట్టి మారుతుంది!

అందుకే సెట్టింగ్ ముఖ్యం. బలం కోసమైతే సుమారు 35 నుంచి 50 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ పెట్టి, మధ్యలో బాగా రెస్ట్ ఇస్తారు. ఓర్పు కోసమైతే 10, 20 హెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీతో ఎక్కువసేపు చేస్తారు. సీఓపీడీ, హార్ట్ ఫెయిల్యూర్ ఉండి, నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడే కొందరికి ఇలాంటి ట్రైనింగ్ వల్ల నడవగలిగే దూరం పెరిగింది.

ఇక్కడో చిక్కుంది. మనం నడిచేటప్పుడు మెదడు పోగులకి వంతులవారీగా పని పంచుతుంది. మెషిన్‌కి ఆ తెలివి లేదు, ప్యాడ్ కింద ఉన్న అవే పోగుల్ని మళ్లీ మళ్లీ లాగుతుంది. అందుకే కండరం త్వరగా అలసిపోతుంది. పైగా గుండెకి, ఊపిరితిత్తులకి నడక ఇచ్చేంత పని ఇది ఇవ్వదు. కాబట్టి నడవగలిగినవాళ్లు నడవాల్సిందే. ఇంకా నడవలేనివాళ్లకి ఇది నడక దాకా చేర్చే చేతికర్ర లాంటిది.

ఇంట్లో నాన్నకో అమ్మమ్మకో ఆన్‌లైన్‌లో మెషిన్ ఆర్డర్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. గొంతు ముందు భాగంలో, ఛాతీ మీద, పుండ్ల మీద ప్యాడ్ పెట్టకూడదు. టెన్స్ మెషిన్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ, అది నొప్పి తగ్గించడానికి. రెండూ ఒకటి కాదు.

మొదటిసారి ఫిజియోథెరపిస్ట్ దగ్గరే చేయించుకోండి. ప్యాడ్ ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో అక్కడే నేర్చుకోండి. మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ అయ్యి రెస్ట్‌లో ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం!