శకుని పాత్రము – ధూళిపాళవారి నటనము

శకుని శబ్దము శక్ ధాతువుమీద నుణాది ప్రత్యయము చేరుటచే నిష్పన్నమైనది. దానికి పక్షి యని యర్థము. అయినను తెలుగునాట నీ శబ్దము చెవిని బడినంతనే పక్షి తోపదు. పాచికలు చేత బట్టిన గాంధారపతియే తోచును. ఆ గాంధారపతికి వెండితెరపై రూపమును వాక్కును నొసగిన నటులలో ధూళిపాళ సీతారామశాస్త్రి ముఖ్యుడు.

ఆయన జన్మస్థానము పల్నాటిసీమలో గురజాల ప్రాంతమునందలి దాచేపల్లి. కోడిపందెమున నోడి మాచెర్లవారు వలసవోయిన కథను వీరవిద్యావంతులు పాడుచు వచ్చిన సీమ యది. పందెమున రాజ్యము పోవుట యచ్చటివారికి భారతమున మాత్రమే విన్న కథ కాదు.

సీతారామశాస్త్రి తొలుత రంగస్థలమున దుర్యోధన పాత్రధారిగా బేరొందెను. 1962లో వెలువడిన భీష్మ చిత్రమునను ఆ పాత్రమునే ధరించెను. 1966లో నందమూరి తారకరామారావు దర్శకత్వమున వచ్చిన శ్రీకృష్ణపాండవీయమున శకుని యయ్యెను; 1977లో దానవీరశూరకర్ణయందు మరల నా పాత్రమునే పోషించెను.

ఇచ్చట విచార్యాంశ మొకటి గలదు. కవిత్రయ భారతమున శకుని సుబలపుత్రుడు, గాంధారికి సోదరుడు. సభాపర్వమున మేనల్లుని పక్షమున కపటద్యూత మాడి, శల్యపర్వమున సహదేవునిచే హతుడగును. శ్రీకృష్ణపాండవీయమునందలి శకుని వేరు. దుర్యోధనుడు తన తండ్రిని, సోదరులను చెరలో నన్నము లేక మడియజేయగా, తండ్రి యెముకలతో పాచికలు చేసికొని కురువంశ నాశమునకు బూనిన వాడు. ఈ కథ జనశ్రుతియే గాని వ్యాసభారతమున లేదు. తెలుగు భారతమునను లేదు.

అయినను నటునకు దీనివలన గొప్ప యవకాశము గలిగినది. మేనల్లునితో బలుకు ప్రతి వాక్యమునకు పైకి వాత్సల్యము, లోపల పగ యర్థము కావలెను. ఆలంకారికులు దీనినే యవహిత్థ యందురు. అనగా భావమును మఱుగుపఱచుట. మఱుగుపడిన భావము ప్రేక్షకునకు దెలియవలెను, ఎదుటి పాత్రమునకు దెలియరాదు. సీతారామశాస్త్రి స్పష్టమైన యుచ్చారణముతో, సన్నని నవ్వుతో, నిలుకడగల చూపుతో నీ రెంటిని సాధించెను. అందుచే నాతని శకుని దుష్టుడయ్యును జాలి గొలుపును.

ఆయన తుదిదశలో సన్న్యాసము గైకొని, గుంటూరున ఆంజనేయ సేవలో గడపి, 2007లో దివంగతుడయ్యెను.

సభాపర్వము చదువు విద్యార్థి యెముకల పాచికలు ఏ పద్యమున నున్నవని యడుగుట నేడు వింత గాదు. ఉపాధ్యాయు డాతని గసరరాదు. మూలమును చూపి, ఆ కథ వచ్చిన త్రోవను చెప్పవలెను. కవి శకునియు, నటుని శకునియు నప్పుడు వేఱువేఱుగా దెలియుదురు. ఇరువురకును న్యాయము కలుగును.