అవధానము

వివాహవేళ వధూవరుల నడుమ తెఱ పట్టి, పురోహితులు “సావధాన” యని పలుమాఱు హెచ్చరించుట మీరందఱు వినియున్నారు. గతమాసమున గన్నవరమున బంధువుల యింటి పెండ్లిలో మా చిన్నది ఆ మాట కర్థమేమని ప్రశ్నించినది. “నెమ్మదిగా” నని చెప్పబోయి యాగితిమి. నేటి వాడుకలో సావధానముగా నన్న తీరికగా, నెమ్మదిగా నను నర్థమే మిక్కిలి వినవచ్చును గాని, మూలార్థము వేఱు.

‘అవ’ యను నుపసర్గకు, ఉంచుట యను నర్థముగల ‘ధా’ ధాతువు చేరి అవధానమైనది. మనస్సును దెచ్చి యొకచోట నిలుపుట యని భావము. అట్టి మనస్సుతో గూడియుండుట సావధానము. మనస్సు వేఱొకచోట నున్నచో పరధ్యాన మందుము.

అష్టావధానసభలో నొకరు సమస్య నిత్తురు. ఒకరు నిషిద్ధాక్షరి నడుపుదురు. ఒకరు అప్రస్తుతప్రసంగముతో మనస్సును చెదరగొట్ట జూతురు. నడుమ గంట మ్రోగినన్ని మాఱులు లెక్కింపవలెను. అవధాని యందఱికి నొక్కసారిగా బదులు చెప్పడు. ఎవరి వంతు వచ్చిన వారి ప్రశ్నయందు మనస్సంతయు నుంచి, తుదకు పద్యములన్నియు ధారణతో నప్పగించును. ఈ విద్యలో ప్రసిద్ధులైన తిరుపతి వేంకటకవులలో నొకరగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) మన బందరు హిందూ ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులుగా నుండిరి. విశ్వనాథ సత్యనారాయణగారు (1895–1976) వారి శిష్యులే. నేడు స్త్రీలును అవధానము లొనర్చుచున్నారు.

ఇంటిపనులు చక్కబెట్టు నిల్లాలిని జూచి “అష్టావధానము చేయుచున్న” దని మెచ్చుకొందురు. ఆ మెప్పునకు మేమును పొంగినవారమే. రెండేండ్లనాడు ఒక సాయంకాలము పొయ్యిమీద పులుసు మరుగుచుండగా, ఫోనులో ఆడపడుచుతో మాటాడుచు, మావారి పరీక్షకాగితములు సర్దుచుంటిమి. చిన్నది వచ్చి చెవి నొప్పి యని మూడుమాఱులు చెప్పినది. మూడుమాఱులు “ఊఁ” అంటిమి. అర్ధరాత్రము కాలిపోవు జ్వరముతో లేచి యేడ్చుచుండగా, “ఎప్పటినుంచి తల్లీ?” యని యడిగితిమి. “నీకు చెప్పానుగదమ్మా!” అన్నది.

వైద్యుని మందుతో చెవి నయమైనది గాని, ఆ మాట మా మనస్సును విడువలేదు. ఆనాడు మేము చేసినది మూడు పనులలోను పరధ్యానమే. ఇపుడు బిడ్డ పిలిచినచో పొయ్యి తగ్గించి, ఫోను పెట్టివేసి, మొగము చూచుచు చివరివఱకు విందుము. రెండు నిమిషములు చాలును. పని యెన్నడు నాగిపోలేదు.

పెండ్లిపందిటిలో దానికి చెప్పిన యర్థమును ఇదే: “మనసిక్కడ పెట్టండి అని, తల్లీ.” అది మా మొగము చూచి తల యూచినది.