పార్టీ ఐ.పి. వేస్తే ఎటువంటి వకీలును పెట్టుకోవాలి?

అరువుపై సరుకెత్తిన పార్టీ ఐ.పి. దాఖలు చేయగానే పలువురు వర్తకులు బాకీకి నీళ్లు వదులుకుంటున్నారు. ఇది తొందరపాటు. పార్టీ దివాలాదారుగా తేలితే, పిటిషనుకు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా బంధువుల పేర మార్చిన ఆస్తులను, మూడు నెలల్లోపు ఒక రుణదాతకే పక్షపాతంగా జరిపిన చెల్లింపులను 1920 చట్టం కింద రద్దు చేయించవచ్చు. అనుభవజ్ఞుడైన వకీలు మొదట ఈ తేదీలే అడుగుతాడు.

వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలపై వ్యవహారం జిల్లాలోని సివిల్ కోర్టులది. కంపెనీ అయితే 2016 చట్టం ప్రకారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి; బాకీ కోటి రూపాయలకు తగ్గరాదు. కనుక వకీలు ఏ కోర్టులో ఇటువంటి కేసులు నడిపాడో ముందే విచారించాలి. ఫీజు, ఖర్చులు కాగితంపై రాయించుకోవాలి. బిల్లులు, చిట్టా, ఆవర్జాలు వెంట తీసుకెళ్లడం మేలు.