శ్రీశైల పాదయాత్రకు నీటి పాత్రలు, వంట పాత్రలు

మహాశివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నల్లమల కాలిబాటన నడిచి శ్రీశైలం చేరుకోవడం తరతరాలుగా వస్తున్న ఆచారం. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికులను వర్ణించాడంటే, పదమూడవ శతాబ్దికే ఈ యాత్ర ఎంతటి ప్రసిద్ధి పొందిందో ఊహించవచ్చు. నేటికీ ఉగాది వస్తే కన్నడ సోదరులు వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా భావించి, పుట్టింటివారు వచ్చినంత చనువుతో వస్తారు. మన కర్నూలు, కడప సీమల నుంచి బయలుదేరే బృందాలకు లెక్క లేదు.

అటువంటి ఒక బృందానికి సామాను చూసే బాధ్యత కొన్నేళ్లుగా నా మీద ఉంది. మొదటిసారి వచ్చేవారు నన్ను తప్పక అడిగే ప్రశ్నలు రెండు. నీళ్లు ఎందులో తీసుకుపోవాలి? వంటకు ఏయే పాత్రలు కావాలి? ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, నల్లమలలో రెండూ ఒకటే. వండిన ప్రతిసారీ మనం మోసుకువచ్చిన నీరే ఖర్చవుతుంది. అందువల్ల ముందు నీటి సంగతి తేల్చుకుని, తరువాతే వంట సంగతి ఆలోచించాలి.

వీరాస్వామయ్య నడిచిన దారి

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా వచ్చి, నాగలూటి, పెద్దచెరువు దారిన శ్రీశైలం చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను చదివినవారికి ఒక విషయం స్ఫురిస్తుంది. మజిలీ చేసిన ప్రతి ఊరి గురించీ ఆయన ముందుగా చెప్పే సంగతులు నీటి వసతి, దిగడానికి చోటు, సరుకులు దొరికే అంగళ్లు. పెద్ద పరివారంతో పదిహేను నెలలు ప్రయాణం చేసిన మనిషికి వీటి విలువ బాగా తెలుసు.

నేటి పాదయాత్రికులు నడిచే దారి దాదాపు అదే. ఆత్మకూరు దాటి వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి వీరభద్రస్వామిని దర్శించి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతారు. 2022లో జిల్లాల విభజన జరిగిన తరువాత ఈ ప్రాంతం నంద్యాల జిల్లాలో చేరింది. అడవిలో ఈ నడక దాదాపు నలభై కిలోమీటర్లు. రెండు రోజుల పని. అటవీశాఖవారు ఉత్సవాల రోజుల్లో మాత్రమే ఈ దారి తెరుస్తారు. ఆ రోజుల్లో దాతల చలివేంద్రాలు, అన్నదాన శిబిరాలు అక్కడక్కడ ఉంటాయి. అయితే ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి నడిచే గంటల్లో మన వెంట ఉన్న నీరే మనకు ఆధారం.

ముందుగా నీటి లెక్క

లీటరు నీరు కిలో బరువు. ఈ బరువును ఏ ఖరీదైన సంచీ తగ్గించలేదు. ఫాల్గుణ, చైత్ర మాసాల ఎండలో నడిచే మనిషికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు నీరు కావాలి. మెట్లు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ పడుతుంది. కనుక దూరాన్ని కిలోమీటర్లలో గాక గంటల్లో లెక్కించుకోండి. తరువాతి నమ్మకమైన నీటి చోటు నాలుగు గంటల దూరమైతే మూడు లీటర్లు, ఆపైన ఆపద కోసం మరొక లీటరు. నాలుగు లీటర్ల కంటె తక్కువతో మా బృందంలో ఎవరినీ అడుగు పెట్టనివ్వను.

మోసే మొత్తం బరువు మన శరీర బరువులో అయిదవ వంతు దాటకుండా చూసుకోవాలి. అరవై కిలోల మనిషికి అది పన్నెండు కిలోలు. అందులో నాలుగు కిలోలు నీటికే పోతాయి. మిగిలిన ఎనిమిది కిలోల్లో దుప్పటి, బట్టలు, తిండి, మందులు, పూజాసామగ్రి అన్నీ ఇమడాలి. ఈ లెక్క వేసుకున్నవారు ఇత్తడి బిందెను, నాలుగు గిన్నెల క్యారియర్‌ను తమంత తామే ఇంట్లో వదిలి వస్తారు.

ఏ పాత్రలో నీరు?

వెనుకటివారు ఎండిన సొరకాయ బుర్రలో, తోలు తిత్తిలో నీరు మోసేవారు. రెండూ తేలికైనవి. లారీల ముందు వేలాడే మందపు గుడ్డ నీళ్ల సంచీ కూడా ఆ కోవలోదే. గుడ్డ నుంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. మన రాయలసీమ పొడి గాలిలో ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే ఆవిరయ్యే నీరు మన తాగునీటి నుంచే పోతుందని మరువరాదు. శిబిరం వద్ద చెట్టుకు కట్టడానికి అది మంచిది గాని, నడకలో మోయడానికి తగదు.

నడకకు నేను సూచించేది ఒంటి పొర స్టీలు సీసాలు. లీటరు సీసా ఖాళీగా పావు కిలోకు అటూఇటుగా తూగుతుంది. చల్లదనం నిలిపే రెండు పొరల సీసా దానికి దాదాపు రెట్టింపు బరువు. ఒంటి పొర సీసాకు తడిగుడ్డ చుట్టితే చల్లదనం దానంతట అదే వస్తుంది. నాలుగు లీటర్లూ ఒకే డబ్బాలో పోయకండి. మూత ఊడినా, రాయి తగిలి చిల్లు పడినా మొత్తం నేలపాలవుతుంది. రెండు లీటరు సీసాలు, ఒక రెండు లీటర్ల డబ్బా ఉంటే ఒకటి పోయినా మిగిలినవి కాపాడతాయి.

రాగి చెంబును పవిత్రంగా భావించి చాలామంది వెంట తెచ్చుకుంటారు. అందులో మంచినీరు మాత్రమే పోయాలి. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు, పులిహోర వంటి పులుపు పదార్థాలు కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచితే లోహం కరిగి వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. పానకంలో నిమ్మరసం పిండేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

మోసే తీరు

నీటి బరువు వెన్నుకు ఆనుకుని, భుజాల నడుమ ఉండాలి. ఒక్క భుజానికి వేలాడే సంచీ గంటలోపే నడకను వంకర చేస్తుంది. బృందం కోసం అదనపు నీరు తీసుకుపోవాలంటే మన పూర్వుల కావడికి మించిన సాధనం లేదు. అటొక అయిదు లీటర్ల డబ్బా, ఇటొక అయిదు లీటర్ల డబ్బా సమతూకంగా కట్టి, ఇద్దరు ముగ్గురు మార్చుకుంటూ మోయవచ్చు. అయితే కావడి చదునైన బాటకే తగినది. భీమునికొలను లోయలోకి దిగేటప్పుడు, అక్కడి నుంచి కైలాసద్వారం వైపు రాతిమెట్లు ఎక్కేటప్పుడు డబ్బాలు ఊగి మనిషిని పడదోస్తాయి. అక్కడ కావడి విప్పి, నీరు అందరి సీసాల్లోకి పంచుకోవాలి. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన పుణ్యం పద్నాలుగవ శతాబ్దిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి దక్కింది. మెట్లు ఉన్నంత మాత్రాన ఎక్కడం తేలిక కాదని ఎక్కినవారికి తెలుసు. చివరి ఎక్కుడుకు ఒక్కొక్కరి దగ్గర రెండు లీటర్లు మిగిలి ఉండాలి.

దారిలో దొరికే నీరు

చెరువు నీరు, కొలను నీరు తేటగా కనిపించినా నేరుగా తాగకూడదు. పటిక, చిల్లగింజ నీటిలోని మట్టిని అడుక్కి దింపుతాయే గాని క్రిములను చంపవు. పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టడం మొదటి మెట్టు. బంగ్లాదేశ్ గ్రామాల్లో ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు కలరా దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో వెల్లడైంది. సగానికే తగ్గిందంటే వడకట్టడం ఒక్కటే చాలదని అర్థం. వడకట్టిన నీటిలో క్లోరిన్ బిళ్ల వేసి, పొట్టం మీద సూచించినంత సేపు ఆగి తాగాలి. మరిగించినా క్రిములు చస్తాయి గాని అడవిలో అందుకు వీలుండదు. ఆ కారణం కింద చెబుతాను.

చెమటతో నీరే గాక ఉప్పు కూడా పోతుంది. వట్టి నీరు ఎంత తాగినా నీరసం తగ్గదు. లీటరు శుభ్రమైన నీటికి చదునుగా ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి దగ్గర ఉంచుకోండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు తమ వైద్యుణ్ణి ముందే అడగాలి. తోటి యాత్రికుడి మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా, నడక తూలినా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ తప్పినవారి నోట్లో నీరు పోయకూడదు. అటువంటి వేళకే ఆ అదనపు లీటరు.

వంట అడవి అంచు వరకే

నల్లమల ఆకురాల్చే అడవి. శివరాత్రి నాటికి నేలంతా ఎండుటాకులు, ఎండుగడ్డి పరచుకుని ఉంటాయి. మూడు రాళ్ల పొయ్యి నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. ఆరిందనుకున్న బూడిద కింద నిప్పు గంటల తరబడి దాగి, మనం వెళ్లిపోయాక గాలికి రాజుకుంటుంది. ఆర్పడానికి నీరు కావాలి, ఆ నీరే మన దగ్గర ఉండదు. ఈ దారి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. పెచ్చెరువు వద్ద చెంచుల గూడెం ఉంది. మనం రెండు రోజుల్లో దాటిపోతాం. వారు ఏడాది పొడుగునా బ్రతకవలసినది ఆ అడవిలోనే.

నీటి లెక్క చూసినా అడవిలో వంట గిట్టుబాటు కాదు. పదిమందికి అన్నం, పప్పు వండాలంటే బియ్యం కడగడానికి మూడు లీటర్లు, అన్నానికి మూడు, పప్పుకు రెండు, పాత్రలు తోమడానికి ఆరు, మొత్తం పద్నాలుగు లీటర్లు కావాలి. అది పదిమంది రెండు గంటల పాటు నడుస్తూ తాగే నీరు.

అందుచేత అడవిలో నిప్పు అక్కరలేని సద్ది తీసుకుపోవాలి. గట్టిగా ఎండిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, బొరుగులు, పుట్నాలు, అటుకులు, సత్తుపిండి, వేరుశెనగ ఉండలు, బెల్లం, ఖర్జూరం మన సీమకు అలవాటైన తిండి. రొట్టెలు రోజుల తరబడి నిలుస్తాయి. అటుకులు కాసిని నీళ్లతో నానుతాయి. తోమవలసిన పాత్ర ఉండదు. పులిహోర, పెరుగన్నం బయలుదేరిన పూటకే సరి. ఎండకు సాయంత్రానికి పాడవుతాయి.

వెంట ఉండవలసిన వంటసామాను

ఆత్మకూరు, వెంకటాపురం వరకు వాహనం తోడు ఉంటుంది గనుక అక్కడ వంట చేసుకోవచ్చు. పదిమందికి పది లీటర్ల తపేలా, మూత, గరిటె, చిన్న కుక్కరు చాలు. వెడల్పుగా, అడుగు చదునుగా ఉన్న తపేలా మంటను బాగా అందుకుంటుంది. మూత పెట్టి వండితే గ్యాసు, నీరు రెండూ ఆదా అవుతాయి. కందిపప్పు ముందే నానబెడితే త్వరగా ఉడుకుతుంది. చింతపులుసు, చారు అల్యూమినియం పాత్రలో నిల్వ ఉంచకుండా స్టీలు గిన్నెలోకి మార్చాలి. అయిదు కిలోల చిన్న గ్యాసు సిలిండరు వాహనంలోనే ఉండాలి, అడవిలోకి తీసుకుపోరాదు. ఆ సామానంతా అక్కడి నుంచి వాహనంలో రోడ్డు దారిన శ్రీశైలం పంపివేయండి.

అడవిలోకి ఒక్కొక్కరి వెంట ఒక స్టీలు పళ్లెం, ఒక గ్లాసు, ఒక చెంచా ఉంటే చాలును. పళ్లెం గంట సేపటిలో మరిచిపోయేంత బరువు. అది చేతిలో ఉన్నవారికి అన్నదాన శిబిరంలో విస్తరి అక్కరలేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధింపబడ్డాయి. ఖాళీ పొట్లాలు వేసుకోవడానికి ఒక గుడ్డసంచీ నడుముకు కట్టుకోండి.

దాతలకు ఒక మనవి

యాత్రికుల దాహం తీర్చాలని చాలామంది దాతలు నీటి సీసాల పెట్టెలు పంపుతారు. వారి మనసు పెద్దది. అయితే వెయ్యి లీటర్ల నీరు సీసాల్లో పంపితే వెయ్యి ఖాళీ సీసాలు అడవిలో మిగులుతాయి. అదే నీరు కొళాయిలున్న ట్యాంకులో పంపితే నాలుగు లీటర్ల చొప్పున రెండువందల యాభై మంది తమ పాత్రలు నింపుకుంటారు, నేల మీద ఏమీ మిగలదు. ట్యాంకు, కొళాయిలు, ట్యాంకరు బాడుగ, క్లోరిన్ బిళ్లలు, ఉప్పు చక్కెర పొట్లాలు, మోదుగాకు విస్తళ్లు, వాటిని తిరిగి ఏరి తెచ్చే కుర్రవాళ్ల భోజన ఖర్చు, వీటిలో ఏది భరించినా అది చలివేంద్ర దానమే అవుతుంది. ఏ చోట ఎంత నీరు అవసరమో శిబిరాల నిర్వాహకులను, అటవీ సిబ్బందిని ముందుగా అడిగి పంపితే ఒకచోట పొంగి, మరొకచోట ఎండే స్థితి రాదు.

ఈ ఉగాదికి నడవదలచినవారు వారం ముందే నాలుగు లీటర్ల నీటితో సహా సంచీ సర్ది, మీ ఊరి గుట్ట మీదికో గుడి చుట్టూనో రెండు గంటలు నడిచి చూడండి. ఏది బరువో, ఏది అనవసరమో భుజాలే చెబుతాయి. శ్రీ భ్రమరాంబా మల్లికార్జునుల కరుణతో అందరూ సుఖంగా వెళ్లి, క్షేమంగా తిరిగి రావాలని కోరుకుంటున్నాను.