పండుగ యింట పసివారు – పెద్దల మందులు

సంక్రాంతి వచ్చినను, వేసవి సెలవులు వచ్చినను మన తెలుగునాట తాతగారి యిల్లు పిల్లలతో నిండును. వారి రాకకు ముందుగనే గోడలకు సున్నము వేయింతురు. అటకమీది పాత్రలు దింపి తోమింతురు. నూతిమీద తడిక కప్పింతురు. మెట్లకు అడ్డు కట్టింతురు. మనుమడు జారిపడకుండ, మనుమరాలికి దెబ్బ తగులకుండ ఇంత శ్రద్ధ వహించువారును, తలగడ క్రింద నున్న మధుమేహపు మాత్రలను, వక్కల పెట్టెలో నున్న రక్తపుపోటు మాత్రలను తలంపునకు తెచ్చుకొనుట అరుదు. ఇవి పసివారి కెట్లు ప్రమాదకరము లగునో, ఆ ప్రమాదము నెట్లు తప్పింపవచ్చునో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును అవసరము.

పసిపిల్లలు నిత్యము తిరుగు యింటిలో కొంత జాగ్రత్త తనంతట తానే అలవాటగును. పెద్దలు మాత్రమే నివసించు యింటి సంగతి వేఱు. మోకాళ్ళ నొప్పిగల ముదుసలికి పైయరలో మందు పెట్టుకొనుట కష్టము. వేళకు మఱచిపోకుండ అది కంటికి కనబడుచుండవలెను. అందుచేత కిటికీ గట్టు, మంచము ప్రక్కనున్న ముక్కాలిపీట, భోజనపు బల్ల, రేడియో బల్ల – ఇవి మందులకు నెలవులగును. ఇది వారి యజాగ్రత్త కాదు, వారి యవసరము. ఐనను కూర్చున్న పెద్దవారి చేతికి అందునది, మూడేండ్ల బాలుని చేతికిని అందును.

నడక నేర్చినది మొదలు నాలుగైదేండ్ల వరకు బిడ్డ ప్రతి వస్తువును నోట పెట్టి చూచును. ఎఱ్ఱని మాత్రకును పిప్పరమెంటు బిళ్ళకును భేదము వాడెఱుగడు. మందు మ్రింగించుటకై "చాక్లెట్టు, తిను నాయనా" యని మనము చేయు బుజ్జగింపు వాని భ్రాంతిని బలపఱచును. హోమియో గుళికలు తియ్యగ నుండును గదా! నిన్న అమ్మమ్మ అరచేతిలో నాలుగు తియ్యని గుళికలు వేసినచో, నేడు తాతగారి పెట్టెలోని తెల్లబిళ్ళలును అట్టివే యని బిడ్డ తలంచుటలో వింత లేదు.

ఈ తీపి యెంత చేటు తెచ్చునో అమెరికా దేశము చవిచూచినది. 1940వ దశాబ్దపు చివర అచ్చట పిల్లలకై నారింజరుచిగల ఆస్పిరిన్ బిళ్ళలు అమ్మకమునకు వచ్చెను. పిమ్మట వానిని మిఠాయివలె తిని ఆస్పత్రుల పాలైన పిల్లల సంఖ్య మిక్కిలి పెరిగెను. కెనడాలోని విండ్సర్ నగరమున శిశువైద్యుడైన డాక్టర్ ఆన్రీ బ్రో ఇట్టి బిడ్డలను చూచి చూచి, అరచేతితో అదిమి త్రిప్పిననే గాని ఊడని సీసామూతను 1967లో వాడుకలోనికి తెచ్చెను. 1970లో అమెరికా ప్రభుత్వము అట్టి కట్టుదిట్టమును చట్టముగ చేసెను. మన యిండ్లలో మాత్రము మందులు ఎక్కువగ రేకు పట్టీలలో నుండును. పెద్దలు వానిని వారము దినముల పేర్లు గల డబ్బాలలో ముందుగనే సర్దుకొందురు. ఆ పట్టీని చించుట, ఆ డబ్బాను తెఱచుట పసివ్రేళ్ళకు కష్టము కాదు.

"ఒక్క మాత్ర యేమి చేయును?" అని కొందఱు ప్రశ్నింపవచ్చును. మందు మోతాదు శరీరపు బరువును బట్టి యుండును. అఱువది కిలోల తాతగారికి సరిపోవు మాత్ర, పది పన్నెండు కిలోల బిడ్డకు అనేక రెట్లగును. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మధుమేహపు మందు ఒక్క మాత్రయే పసిబిడ్డ రక్తములోని చక్కెరను అపాయకరముగ దించగలదు. ఆ దిగుడు వెంటనే కనబడక, కొన్ని గంటలకు బయటపడవచ్చును. మధ్యాహ్నము మాత్ర మ్రింగిన బిడ్డ రాత్రి చెమట పట్టి మగతగ పడియుండును. ఇంటినిండ బంధువులున్న వేళ, ఆడి యాడి అలసి నిదురించినాడని అందఱును తలంతురు. రక్తపుపోటునకు వాడు ఆమ్లోడిపిన్ వంటి మందులును ఒకటి రెండు మాత్రలతోనే పసివారికి ప్రమాదము తేగలవు.

పురిటికి పుట్టింటికి వచ్చిన కుమార్తెతో మొదటి బిడ్డయు వచ్చుట మన ఆచారము. గర్భిణులకు ప్రభుత్వ మిచ్చు ఎఱ్ఱని యినుపధాతువు మాత్రలో 60 మిల్లీగ్రాముల యినుము కలదు. బిడ్డ బరువున కిలోకు 20 మిల్లీగ్రాములు దాటినచో వాంతులు, కడుపునొప్పి కలుగును. 60 దాటినచో ప్రాణాపాయము. పది కిలోల బిడ్డకు నాలుగు మాత్రలతోనే మొదటి హద్దు దాటును. పది మాత్రలు రెండవ హద్దును చేరును. ఈ విషములో వాంతుల పిమ్మట బిడ్డ కొన్ని గంటలు కుదుటపడినట్లు కనబడి, మరల విషమించుట కలదు. కావున వాంతులు తగ్గినవని నిశ్చింతగ నుండరాదు. పూజగదిలోని కర్పూరమును, జలుబునకు వాడు నీలగిరి తైలమును గూడ మందులతోపాటే దాచవలెను. ఇవి కొద్దిపాటి మోతాదులోనే మూర్ఛ తెప్పింపగలవు.

మఱి యింత తెలిసియు ఎందుకు ఊరకుందుము? మొగమాటమే ముఖ్య కారణము. "మామగారూ, మీ మాత్రలు పైన పెట్టుడు" అని కోడలు ఎట్లనగలదు? తన యింటికి వచ్చిన వదినెగారి చేతిసంచిని గూర్చి మఱదలు ఎట్లడుగగలదు? అడిగిన యెడల తప్పు పట్టినట్లగునేమో యని జంకుదురు. కావున ఈ పని పెద్దలే ముందుగ చేయుట ఉచితము. బండి రాకమునుపే మందులన్నియు ఒక డబ్బాలో చేర్చి, బీరువాలో పెట్టి, తాళము వేసి, "అమ్మాయీ, మందులన్నియు దాచితిని, నీ సంచియు ఇటులిమ్ము" అని అత్తగారే యన్నచో కోడలి జంకు తీఱును. అతిథుల చేతిసంచులలోను, చొక్కా జేబులలోను మాత్రలుండును గదా! చెప్పులు వాకిట విడిచినట్లే, మందులు బీరువాలో చేర్చుట రాకపోకల మర్యాదలలో ఒకటి కావలెను.

ఇంకొక సంగతి. పదిమంది పెద్దలున్న యింట బిడ్డను పదిమందియు చూచుచున్నారని ప్రతివారును తలంతురు. తుదకు ఎవరును చూడరు. తల్లి వంటయింటికి పోవునప్పుడు "పిన్నీ, వీడిని నీవు చూచుచుండుము" అని పేరు పెట్టి అప్పగించి పోవలెను. మందు వేసికొన్నవారు పట్టీని వెంటనే తాళములోనికి చేర్చవలెను. నేల జారిన మాత్ర దొరకువఱకు వెదకవలెను.

ఇన్ని చేసినను బిడ్డ మందు మ్రింగెనని అనుమానము కలిగినచో, నోటిలో మిగిలిన దానిని వ్రేలితో తీసివేయవలెను. ఉప్పునీరు, చింతపండు నీరు త్రాగించి వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును, ఉప్పు తానే విషము కావచ్చును. బిడ్డ హుషారుగ నున్నను, లక్షణములకై వేచియుండక ఆస్పత్రికి కొనిపోవలెను. మందు పట్టీని వెంట తీసికొని, ఎన్ని మాత్రలు తగ్గినవో, ఏ వేళకు జరిగెనో వైద్యునకు చెప్పవలెను. స్పృహ తప్పినను, మూర్ఛ వచ్చినను, ఊపిరి కష్టమైనను బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయవలెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1995లో నెలకొల్పబడిన జాతీయ విష సమాచార కేంద్రము 1800 116 117 అను సంఖ్యపై రేయింబవళ్ళు సలహా నిచ్చును. ఈ రెండు సంఖ్యలను గోడపంచాంగముమీద వ్రాసియుంచుట మంచిది.

ఈ జాగ్రత్తకు వ్యయము లేదు. పావుగంట కాలము, ఒక తాళము చాలును. రాబోవు పండుగకు పిండివంటలు మొదలిడుటకు ముందే, మీ యింటిలో మందులు ఎచ్చటెచ్చట నున్నవో ఒకసారి తిరిగి చూడుడు. నిలువుగ గాక, మోకాళ్ళపై కూర్చుండి, మూడేండ్ల బిడ్డ కన్నుల యెత్తునుండి చూడుడు. కనబడిన ప్రతి పట్టీని, ప్రతి సీసాను తీసి తాళములో పెట్టుడు.